ఉపన్యాసోపక్రమము

తెలుగున 'ఆదిలోనే హంసపాదు' అను సామెత కలదు. వ్రాయసకాడు తాటాకుపై వ్రాయునప్పుడు ఒక యక్షరమో పదమో జారిపోయినచో, ఆ చోట హంస యడుగు వంటి గుర్తు పెట్టి, విడిచిన దానిని పైనో క్రిందనో చేర్చును. గ్రంథమధ్యమున నట్టి గుర్తులు కొన్ని యున్నను చదువరి పాటింపడు. మొదటి పంక్తిలోనే కనబడెనేని ప్రతి యంతటిమీదను అపనమ్మకము కలుగును. ఉపన్యాసకుని కష్టము వ్రాయసకాని కష్టముకంటె నధికము. జారిన యక్షరమును తరువాత చేర్చుకొను సౌకర్యము వ్రాతకు కలదు. సభలో వెలువడిన మొదటి వాక్యమునకు లేదు.

ప్రతి సంవత్సరము మా శాఖలో పరిశోధక విద్యార్థుల గోష్ఠులు జరుగును. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు వ్యవధి. అందు నాలుగైదు నిమిషములు అధ్యక్షునకును, వేదికపై నున్న పెద్దలకును, పర్యవేక్షకునకును, సహాధ్యాయులకును వరుసగా చేయు సంబోధనలకును, ఆపై కృతజ్ఞతలకును, ఆపై తన యల్పజ్ఞత్వమును ప్రకటించుటకును చెల్లిపోవును. మూడేండ్లు గ్రామములు తిరిగి సేకరించిన సామగ్రి యంతయు మిగిలిన పది నిమిషములలో ఇఱుకున పడును. ఆ విద్యార్థి యొక క్రొత్త సంగతి చెప్పబోవుచున్నాడని సభ గ్రహించునప్పటికి అధ్యక్షుని గంట మ్రోగును. పరిశోధనము మంచిదే, వినినవారు లేరు. ఈ నష్టమును ఏటేట చూచుచుండుటచేత ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. 2020 తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన అంతర్జాల గోష్ఠులలో 'నా మాట వినబడుచున్నదా?' అనునదే పలువురకు ప్రథమవాక్యమైనది. మే మా వాక్యమును నిందింపము. శ్రోత యున్నాడో లేడో విచారించుకొని మాటాడు వక్త కొంత మేలు.

ఉపక్రమమును గూర్చి మన పూర్వు లెక్కువగా ఆలోచించినది వక్తృత్వశాస్త్రమున గాదు, మీమాంసలో. ఒక ప్రకరణమునకు తాత్పర్యమేమో నిర్ణయించుటకు చెప్పిన యాఱు లింగములలో ఉపక్రమోపసంహారములు మొదటివి. ఈ రెండును పరస్పరము విరోధించినప్పుడు దేనిని బట్టి దేనిని సవరింపవలెను? పూర్వమీమాంసయందలి వేదోపక్రమాధికరణమున ఈ ప్రశ్న వచ్చినది. అచ్చట ప్రారంభమున నున్న అర్థవాదములో ఋగ్వేదము, యజుర్వేదము, సామవేదము అని వేదముల పేరులు కలవు. తరువాతి విధివాక్యమున ఋక్కు, యజుస్సు, సామము అని మంత్రవాచకములు కలవు. అర్థవాదముకంటె విధి బలవత్తరమని సామాన్యనియమము. అయినను ఇచ్చట మొదటివాక్యమే నిలిచినది. విధిలోని ఋక్శబ్దమునకు ఋగ్వేదమని యర్థము చెప్పుకొనవలసివచ్చినది. కారణమేమి? మొదటివాక్యము చెవి సోకునప్పటికి దానికి విరుద్ధమైన జ్ఞానము శ్రోతకు పుట్టి యుండలేదు. అది నిరాటంకముగా మనసున నిలుచును. వెనుక వచ్చునది ముందే నిలిచియున్న దానితో సర్దుకొనవలసినదే. దీనినే అసంజాతవిరోధిత్వ మందురు. అప్పయ్యదీక్షితులు పదునాఱవ శతాబ్దమున ఈ పక్షమును సమర్థించి 'ఉపక్రమపరాక్రమ'మను గ్రంథమును వ్రాయగా, విజయీంద్రతీర్థులు 'ఉపసంహారవిజయ'మని ప్రతిగ్రంథము వ్రాసిరి. పండితు లిట్లు యుద్ధముచేయదగినంత విషయము మొదటివాక్యమున నున్నదని మన విద్యార్థులు తెలిసికొనిన జాలును.

ఈ మీమాంసకన్యాయమును మేము వేదవాక్యమునుండి సభావాక్యమునకు తెచ్చుకొనుచున్నాము. సభలో వక్త నోరు తెఱచునప్పుడు శ్రోతల మనస్సు రెండువిధముల నుండును. అతడు చెప్పబోవు దానికి విరోధ మింకను పుట్టని మనస్సొకటి; ముందే పుట్టియున్న మనస్సింకొకటి. మొదటిదానియెదుట వక్త తిన్నగా విషయమును చెప్పవచ్చును; చెప్పవలెను గూడ. రెండవదానియెదుట తిన్నగా చెప్పినమాట గోడకు కొట్టిన బంతివలె తిరిగివచ్చును. ఉపక్రమమున సాఫల్యమంతయు ఈ వివేకముపై నాధారపడి యున్నదని మా యభిప్రాయము. ఏ చమత్కారముతో ప్రారంభింపవలెను, ఏ కథతో ప్రారంభింపవలెను అను ప్రశ్నలు దీని తరువాతివి.

తిన్నని యుపక్రమమునకు ఉద్యోగపర్వమున కృష్ణరాయబారముకంటె మంచి యుదాహరణము లేదు. తెలుగువారికి ఈ ఘట్టము తిక్కనవలనను, తిరుపతి వేంకటకవుల నాటకమువలనను కంఠస్థము. ఇచ్చట వ్యాసుని మూలమును మాత్రము గమనింతము. శ్రీకృష్ణుడు కౌరవసభలో తన వాక్యమును ధృతరాష్ట్రునకు సంబోధించును, దుర్యోధనునకు గాదు. వీరులు నశింపకయే కురుపాండవులకు శాంతి కలుగవలెనని యాచింప వచ్చితినని మొదటనే చెప్పివేయును. వెంటనే, తెలియవలసినదంతయు రాజునకు తెలిసియే యున్నది గనుక తాను క్రొత్తగా చెప్పవలసిన హితము లేదనును. విషయము, ప్రయోజనము, అధికారి ఈ రెండు మాటలలోనే తేలినవి. మఱి ఆ సభలో విరోధము పుట్టియే యుండెను గదా యని శంక కలుగవచ్చును. పుట్టియుండెను, దుర్యోధనుని మనస్సున. కృష్ణుడు శ్రోత నెన్నుకొనుటయందే తన నేర్పు చూపినాడు. సభలో నందఱును వినుచుండగా, విరోధము గట్టిపడని యొక్క మనస్సును చూచి దానితో మాటాడుట ఆరంభించినాడు. రాయబారము ఫలింపలేదన్నది వేఱుమాట. ఉపక్రమదోషముచేత మాత్రము చెడలేదు.

రెండవవిధమునకు సుందరకాండ ప్రమాణము. పండితులు హనుమంతుని వాగ్మిత్వమునకు కిష్కింధాకాండనే సాధారణముగా నుదాహరింతురు. అచ్చట భిక్షురూపమున వచ్చిన హనుమంతుని మాట విని, ఇతడు వేదములను వ్యాకరణమును చక్కగా నభ్యసించినవాడనియు, మాటాడునప్పుడు మొగమునందుగాని కన్నులయందుగాని కనుబొమలయందుగాని దోషము కానరాలేదనియు శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనును. అది శిక్షితుడైన వక్తకు లభించిన యోగ్యతాపత్రము. ఆ యోగ్యత యంతయు వ్యర్థమగు స్థలమొకటి వచ్చుట సుందరకాండ విశేషము.

అశోకవనమున శింశుపావృక్షముపై నున్న హనుమంతుడు సీతను గుర్తించినాడు. ఇక మాటాడవలెను. వాల్మీకి ఒక సర్గమును దాదాపు పూర్తిగా 'ఎట్లు మొదలుపెట్టుట' అను నాలోచనకే వినియోగించినాడు. మాటాడకపోయినచో నామె ప్రాణములు విడుచునేమో. మాటాడినచో భయపడి కేక వేయునేమో, కేక విని రాక్షసస్త్రీలు చుట్టుముట్టుదురు, యుద్ధము జరుగును, తాను పట్టుబడినను అలసినను సముద్రమును మరల దాటి రాముని వార్త చేర్చువాడు లేడు. అవివేకియైన దూతవలన సిద్ధింపవలసిన కార్యములును చెడునని అతడు తలపోయును. సభాకంపమున గడగడలాడు మన విద్యార్థు లొకసారి యీ సర్గమును చదువుకొనిన మేలు. సముద్రము లంఘించినవాడే మొదటివాక్యమునకు జంకినాడు.

అందు భాషావిచారము మిక్కిలి గమనింపదగినది. ద్విజునివలె సంస్కృతమున మాటాడినచో సీత తన్ను రావణుడని తలచి భయపడునని హనుమంతు డూహించును. కిష్కింధలో రాముని మెప్పించిన వాక్కే యిచ్చట ప్రతిబంధకము. ఆమె మనస్సున విరోధము ముందే పుట్టియున్నది. సంస్కారముగల మాటతో వచ్చి మోసగించిన వానిని ఆమె యెఱుగును. కాన మనుష్యులు వ్యవహరించు అర్థవంతమైన భాషలో మాటాడుటకు నిశ్చయించుకొనును. ఆ భాష కోసలదేశమున జనులు వాడుకొనునదని వ్యాఖ్యాతలు వివరించిరి. ఆమెకు ఇంటిలో చెవిని పడిన భాష యన్నమాట. శ్రోతకు పరాయిగానున్న భాష యెంత శుద్ధమైనను ఉపక్రమమునకు పనికిరాదని దీనికంటె స్పష్టముగా చెప్పిన శాస్త్రకారుడు లేడు.

ఆ తరువాత మాట. 'నేను రామదూతను' అని యతడు మొదలుపెట్టలేదు. దశరథుడను రాజు కలడని మొదలుపెట్టినాడు. ఆ రాజు గుణములు, అతని పెద్దకొడుకు, తండ్రి మాటపై వనవాసము, జనస్థానమున రాక్షసవధ, మాయామృగము, జానక్యపహరణము, సుగ్రీవమైత్రి, వాలివధ, వానరుల యన్వేషణము, సంపాతి మాట, సాగరలంఘనము అని వరుసగా చెప్పుచు వచ్చి, రాముడు చెప్పగా వినిన రూపవర్ణములు గల యామెను తాను చూచితినని చెప్పి ఊరకుండినాడు. ఇందలి క్రమమును పరిశీలింపుడు. మొదటి వాక్యమున సీత కాదనదగినదేదియు లేదు. దశరథుడు రాజే. రెండవదియు నట్టిదే. ఆమె యెఱిగిన సత్యములనుండి ఎఱుగని సత్యములకు, మామగారి పేరునుండి తన యెదుటి చెట్టుకొమ్మవఱకు, ఎచ్చటను మెట్టు తప్పకుండ కథ దిగివచ్చినది. చెప్పువాని ప్రసంగము చివరకు గాని రాలేదు. అతడు కనబడలేదు కూడ. మాటయే మొదట వినబడినది.

కథ యింతటితో సుఖాంతము కాలేదని మఱువరాదు. సీత తలయెత్తి వానరుని చూచి స్వప్నమేమోనని భ్రమపడును. హనుమంతుడు క్రిందికి దిగి, శిరమున నంజలి ఘటించి మాటాడును. అతడు దగ్గఱకు రాగా రావణుడే వచ్చినాడేమోనని ఆమెకు మరల సందేహము కలుగును. రాముని చిహ్నములను చెప్పుమని యడుగును. ఆ పరీక్ష ముగిసిన పిమ్మట గాని ఉంగరము చేతికి పోలేదు. ఉపక్రమ మెంత బాగుగా నున్నను అది వినుటకు మాత్రమే తలుపు తీయును. నమ్మకమును వేఱుగా సంపాదించుకొనవలెను. మొదటివాక్యముతోనే సభను జయించెదమని చెప్పు ఉపన్యాసకళాగ్రంథములు నేడు అంగళ్లలో విరివిగా కలవు. అవి సుందరకాండను చదివి వ్రాసినవి కావు.

లంకనుండి తిరిగివచ్చిన హనుమంతుని వాక్యము సరిగా దీనికి విపరీతము. మహేంద్రగిరిపై వానరులు కాచుకొనియున్నారు. చూచితిని సీతను అని క్లుప్తముగా నివేదించినాడు. రామునియెదుటను అంతే. క్రియ ముందు, కర్మ తరువాత. 'సీతను' అని మొదలుపెట్టినచో తరువాతి పదము వచ్చువఱకు రాముని ప్రాణము నిలువదని పౌరాణికులు ఈ పదక్రమమును విస్తరించి చెప్పుదురు. అదే వక్త, అదే కథ. శ్రోత మాఱినాడు గనుక ఉపక్రమము మాఱినది.

యవన రోమక శాస్త్రకారులకును ఈ విభాగము తెలియును. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన 'రెతోరికా అద్ హెరెన్నియుమ్' అను లాటిను గ్రంథము ఉపక్రమమును రెండు తెఱగులుగా విభజించినది. ఒకటి ఋజువైనది, ప్రింకిపియుమ్. రెండవది చాటుగా చొచ్చునది, ఇన్సినువాతియో. రెండవది మూడు సమయములలో కావలెననును. చెప్పబోవు పక్షము శ్రోతకు ఏవగింపు పుట్టించునదైనప్పుడు. ముందు మాటాడినవారు శ్రోతను తమవైపు త్రిప్పుకొనినప్పుడు. విని విని శ్రోత యలసినప్పుడు. మూడవ సందర్భమున నవ్వు పుట్టించు మాటతో మొదలుపెట్టుమని సలహా. మధ్యాహ్నభోజనానంతరము మూడవ వక్తగా లేచు దురదృష్టవంతునకు రెండువేల యేండ్ల క్రిందటనే దొరకిన సానుభూతి యిది. తరువాతి శతాబ్దమున క్వింటిలియన్ ఉపక్రమమునకు మూడు ఫలములు చెప్పినాడు: శ్రోతను ప్రసన్నునిగా, సావధానునిగా, గ్రహణోన్ముఖునిగా చేయుట.

అరిస్టాటిలు మాత్రము ఈ సావధానతా ప్రసంగమును పరిహసించినాడు. ఆరంభమున అందఱును సావధానముగనే యుందురు. అలసత్వము తరువాత వచ్చును. కాన 'సావధానముగా వినుడు' అని మొదటనే కోరుట హాస్యాస్పదమని అతని మతము. ప్రోడికసు అను నుపాధ్యాయుడు శ్రోతలు కునుకుచుండగా తన యేబది ద్రాఖ్మల ఉపన్యాసములోని ముక్క నొకదానిని నడుమ విసరెడివాడని అతడే జ్ఞాపకముచేయును. విషయము స్పష్టముగను చిన్నదిగను నున్నచో ఉపక్రమమే యక్కఱలేదనియు నన్నాడు. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. మొదటి నిమిషమున సభ వక్తకు సొంతముగా నిచ్చు సావధానతను మన విద్యార్థులు సంబోధనలలో వ్యయముచేయుదురు. అది కరగిపోయిన పిమ్మట విషయము నందుకొందురు. పెట్టుబడి యంతయు పందిరికే యైనట్లు.

అట్లని మంగళమును, సంబోధనమును వలదనుట మా యుద్దేశము కాదు. సూత్రములో నర్ధమాత్ర తగ్గినను సంతోషించు వైయాకరణులలో ప్రథముడైన పాణినియే మంగళార్థము వృద్ధిశబ్దమును మొదట ప్రయోగించినాడని పతంజలి చెప్పెను. ఒక్క పదముతో మంగళమును ముగించి, ఆ పదముననే శాస్త్రమును గూడ మొదలుపెట్టుట యందు గల పొదుపు చూడదగినది. నాట్యశాస్త్రమున భరతుడు పూర్వరంగమునకు పందొమ్మిది యంగములు చెప్పి, అందు తొమ్మిది తెరవెనుకనే జరుగవలెనని విధించి, చివరకు నృత్తగీతములను అతిగా పెంపవలదని హెచ్చరించినాడు. పెంచినచో ప్రయోక్తలకును ప్రేక్షకులకును ఖేదము కలుగును. ఖిన్నులైనవారికి రసభావములు స్పష్టము గావు. నేటి సభానిర్వాహకులకు దీనిని వ్రాసి యీయవలెనని పలుమాఱు లనుకొంటిమి. జ్యోతిప్రజ్వలనము, ప్రార్థన, పుష్పగుచ్ఛములు, శాలువలు ముగిసిన తరువాత ఉపన్యాసకుడు లేచునప్పటికి శ్రోతలు భరతుడు చెప్పిన ఖిన్నావస్థలో నుందురు.

సంబోధనము లాంఛనము గాక ఉపక్రమమే యగుటయు కలదు. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికిందరాబాదు మహబూబు కళాశాలలో తన పాశ్చాత్యయాత్రోద్దేశమును గూర్చి మాటాడిన యువసన్యాసి, ఆ యేడే సెప్టెంబరు 11వ తేదీన చికాగో సభలో శ్రోతలను సోదరీసోదరులుగా పిలిచినంతనే కరతాళధ్వనులు చెలరేగినవి. నేడు ప్రతి సభలోను వినబడు ఈ పిలుపునకు ఆ ధ్వనులు రావు. వివేకానందుడు చెప్పదలచినది ఆ పిలుపుననే యిమిడియుండెను. మనము చెప్పదలచినది మఱియెక్కడనో యుండును.

క్షమాపణముల సంగతి యింకొకటి. మా విద్యార్థిదశలో మొదటి పత్రము చదువునప్పుడు మేమును యథావిధిగా, ఈ మహాసభలో మాటాడుటకు మాకు యోగ్యత లేదనియు, పెద్దలు క్షమింపవలెననియు మొదలుపెట్టితిమి. అధ్యక్షస్థానమున నున్న వృద్ధపండితుడు కన్నద్దములు తీసి, "నాయనా, యోగ్యత లేదని నీవే సాక్ష్యము చెప్పితివి. ఇక మేము వినుట యెందులకు?" అనెను. సభ నవ్వినది. మాకు నోట మాట రాలేదు. ఆయన కొంతసేపటికి, "సరే, ఏమి కనిపెట్టితివో అది చెప్పు" మనెను. నేటికిని పత్రము వ్రాయునప్పుడు మేము మొదట వేసికొను ప్రశ్న అదియే. అల్పజ్ఞత్వప్రకటనము వినయమని మనము భ్రమపడుదుము. అసంజాతవిరోధియైన శ్రోతకు విరోధమును మనమే పుట్టించి యిచ్చుట యది.

నిజమైన కారణము గల క్షమాపణ మట్టిది కాదు. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవముల సందర్భమున గాంధీజీ ఆలస్యముగా వచ్చినందుకు మన్నింపుమని హాస్యముగా మొదలుపెట్టి, కొలదిసేపటిలోనే, ఈ పవిత్రనగరమున తన దేశీయులతో పరభాషలో మాటాడవలసివచ్చుట సిగ్గుచేటని చెప్పినాడు. వేదికపై మహారాజు లున్నారు. ఎదుట విద్యార్థు లున్నారు. ఆ యుపన్యాసము ముగియకయే సభ చెదరిపోయినది. ఏ భాషలో మాటాడుచున్నాడో ఆ భాషనే ఉపక్రమమున విమర్శకు పెట్టుట సామాన్యధైర్యము కాదు. హనుమంతుడు కొమ్మమీద కూర్చుండి మనస్సున చేసికొనిన భాషావిచారమునే గాంధీజీ సభలో బహిరంగముగా చేసినాడని చెప్పవచ్చును.

తెలుగు పరిశోధకులు మఱువరాని ఉపక్రమ మింకొకటి కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణమున ధోండో కేశవ కర్వే అధ్యక్షతన నిజాంరాష్ట్ర సంఘసంస్కారసభ జరిగినది. మరాఠీ, ఉర్దూ, ఆంగ్లములలో ప్రసంగములు సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ నారంభింపగా శ్రోతలు చప్పట్లు చఱచి, అల్లరిచేసి సాగనీయలేదు. ఆయన యేమి చెప్పదలచెనో దానిపై వారికి విరోధము లేదు. అది వినబడనే లేదు. విరోధమంతయు ఆ భాషపైననే. ఆ పరాభవమువలననే తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించుకొనిరి. మాడపాటి హనుమంతరావు మొదలగువారి కృషికి, గ్రంథాలయోద్యమవ్యాప్తికి, తరువాతి ఆంధ్రమహాసభకు అది మొదలైనది. చరిత్రకారులు దీనిని సంఘచరిత్రగా వ్రాసిరి. వాగ్విద్యను విచారించువారు దీనిని, వక్త మొదటివాక్యము పలుకుటకు ముందే శ్రోతలు తీర్పు చెప్పివేసిన సందర్భముగా చదువవలెను. అట్టిచోట ఏ నేర్పును పనికిరాదు. దోషము వక్తది కాదు.

ఈ సంగతిని దూరపు చరిత్రగా చెప్పి తప్పించుకొనుటకు మాకు వీలులేదు. కొన్నియేండ్ల క్రిందట మా యధ్యక్షతననే జరిగిన గోష్ఠిలో పాలమూరు ప్రాంతమునుండి వచ్చిన యొక విద్యార్థిని, సేద్యపుపదములను గూర్చి పత్రము సమర్పించుచు, తన యూరిమాటతీరున మొదటి వాక్యమును పలికెను. ముందు వరుసలలో నవ్వు పుట్టినది. ఆమె క్షణమాత్రమాగి, గ్రంథభాషలోనికి మాఱి, చివరవఱకు తడబడుచు చదివి కూర్చుండెను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములతో వెలువడిన మాండలికవృత్తిపదకోశపు మార్గమున సాగిన పరిశోధన మది. ఆ మాటతీరే ఆమె సామగ్రి. ఆ నవ్వును వారింపవలసినవారము మేము. గంటపై చేయి పెట్టుకొని యూరకుంటిమి. పత్రము చెడినదని ఆనాడు మేమే అభిప్రాయము వ్రాసితిమి. చెడినది పత్రము కాదని తెలిసికొనుటకు మాకు కొంతకాలము పట్టినది.

మఱుసటి యేడామె వేఱొకవిధముగా మొదలుపెట్టినది. లేచి, ఎవరిని సంబోధింపక, నల్లబల్లపై విత్తనపుగొఱ్ఱు బొమ్మ గీసి, ఒక్కొక్క భాగమును చూపుచు, "దీని మీ యూర్ల ఏమంటరు?" అని యడిగినది. మాట ఆ యూరిదే. ఈసారి నవ్వలేదు. శ్రీకాకుళమువాడొక పేరు, కడపవాడొక పేరు, వరంగల్లునుండి వచ్చిన యుపాధ్యాయుడు ఇంకొక పేరు చెప్పిరి. పట్టణమున పెరిగినవా రేమియు చెప్పలేక ప్రక్కవారిని చూచిరి. ప్రశ్నతో ఉపక్రమించుట సిసెరో క్రీస్తుపూర్వము 63లో కటిలీనునిపై ప్రయోగించిన యుపాయమే. ద్యూతసభకు ద్రౌపది ప్రాతికామిచేత పంపించినదియు ప్రశ్నయే. అవి యెదుటివానిని బంధించు ప్రశ్నలు. ఈమెది పిలుచు ప్రశ్న. తమ యూరిపేరును తామే చెప్పినవారు ఆమె యూరిపేరును నవ్వుటకు వీలులేకపోయెను.

ఇక పరిశోధనపత్రములను గూర్చి రెండు మాటలు. శాస్త్రగ్రంథములకు మొదట విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను అనుబంధచతుష్టయమును చెప్పుట మన సంప్రదాయము. పదునైదు నిమిషముల పత్రమునకు ఇంతకుమించిన యుపక్రమ మక్కఱలేదు. దేనిని గూర్చి, ఏమి తేలినది, ఇంతకుముందు చెప్పినవారికిని దీనికిని సంబంధమేమి, ఎవరికి పనికివచ్చును అను నీ నాలుగును నాలుగు వాక్యములలో చెప్పవచ్చును. మన కావ్యావతారికలును ఈ పనినే విపులముగా చేసినవి. ఎవరు కోరిరి, ఎందులకు కోరిరి, పూర్వకవు లెవరు, కృతిపతి యెవరు అను ప్రశ్నలకు సమాధానములు గదా అవి. కుకవినిందను మాత్రము గోష్ఠులలో విడిచిపెట్టుట మంచిది; ఆ కుకవి సభలోనే యుండవచ్చును. పూర్వపరిశోధకుని యభిప్రాయమును ఖండింపబోవుచున్నప్పుడు, ఆయన శిష్యులు ఎదుట కూర్చుండియున్నచో, అచ్చట హనుమన్మార్గము పట్టవలెను. అందఱు నంగీకరించిన యాధారమునుండి మొదలుపెట్టి, ఖండనమును మూడవ నిమిషమునకు తేవలెను.

ఉపక్రమమును ఎప్పుడు వ్రాయవలెనన్నది చాలమంది యడుగు ప్రశ్న. సిసెరో 'దె ఒరతోరె' సంవాదమున ఆంటోనియుసు, తాను మొదట చెప్పవలసినదానిని అన్నిటికంటె చివర నాలోచింతుననును. మొదటనే వెదకినప్పుడెల్ల పేలవమైనదో ఎల్లవారు వాడుకొనునదో తప్ప తట్టలేదనియు చెప్పును. మా యనుభవమును నట్టిదే. పత్రము పూర్తియైన పిమ్మట ఎనిమిదవ పుటలోనో తొమ్మిదవ పుటలోనో ఒక వాక్యము దొరకును. దానిని పెఱికి మొదట నాటవలెను. ఈ వ్యాసమున హంసపాదు మాటను మేము మొదట నైదవ పుటలో వ్రాసియుంటిమి.